ఏనుగుపిల్లకు స్వెట్టరు

ఎస్తేరు కోతలు కోస్తుందని స్టెల్లా వాళ్ళ వరండాలో అందరికీ తెలుసు. తెలిసే వింటారు. గురువారం సాయంత్రమైతే చిత్తూరులోని ఆ వరండాలో నలుగురు ఆడవాళ్ళు చేరి, ఆస్పత్రిలో పుట్టిన పసిపిల్లలకు ఊలు టోపీలు అల్లుతారు. ఇంటామె స్టెల్లా పంతులమ్మగా చేసి రిటైరైంది. పక్కవీధి మునిరత్నమ్మ జాకెట్లు కుడుతుంది. అందరికంటే చిన్నది అమల, బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో పని. ఇక ఎస్తేరు నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మిద్దెమీద ఒక్క గదిలో ఒక్కతే ఉంటుంది. గురువారం మూసిన నోరు మళ్ళీ గురువారానికే తెరుస్తుంది కాబట్టి, తెరిచినప్పుడు కాస్త పెద్దగానే తెరుస్తుంది. అందుకు ఆమెను తప్పుపట్టి లాభం లేదు.

ఆ రోజు గొడవంతా అమల ఫోనుతో మొదలైంది. అందులో ఎవరో కుర్రవాడు, నల్లటి గడ్డం, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, తల ఎత్తకుండా స్వెట్టరు అల్లుతున్నాడు. ఫోను చేతులు మారింది. సూదులు ఆగిపోయాయి.

"అబ్బ, ఆ చేతులు సూడండక్కా!" అంది అమల.

"అందం ఇచ్చినాడు, మళ్ళా అల్లిక గూడానా? దేవుడు పంచిపెట్టే పద్ధతే బాగలేదు," అంది స్టెల్లా.

"మా ఇంటాయప్ప చేతికి ఊలుండ ఇస్తే దాంతో పిల్లిని కొడతాడు," అంది మునిరత్నమ్మ. "సూది పట్టే మగోడు ఉంటే ముసిలోడైనా పర్వాలేదు మే, నాకు చెప్పండి."

నవ్వులయ్యాక మాట మొగుళ్ళ మీదికి పోయింది. ఒకరి మొగుడి గురక, ఒకరి మొగుడి చక్కెర జబ్బు. ఎస్తేరుకు ఈ దారి బాగా తెలుసు. మొగుళ్ళ నుంచి కోడళ్ళకూ, కోడళ్ళ నుంచి మనవళ్ళకూ పోతుంది. ఆ దారిలో తనకు ఎక్కడా స్టాపు లేదు. ఎవరూ పొమ్మనరు, కాని ఎవరూ తనవైపు తిరగరు కూడా. అదే ఆమెకు భరించరానిది. అందుకే సూదులు ఒళ్ళో పడేసింది.

"ఫోన్లో సూసి మురిసిపోతుండారే! మొన్న తిరుపతి నుంచి వచ్చేటప్పుడు అట్టాంటోడు నా పక్కనే కూచున్నాడు మే, బస్సులో."

ముగ్గురూ తిరిగారు. నిజానికి ఆ పక్క సీటు దారి పొడుగునా ఖాళీగానే వచ్చింది. ఎస్తేరు చేతిసంచి కూచుంది అందులో. అయితేనేం, సీటు ఉన్నమాట నిజమే కదా.

"చంద్రగిరిలో ఎక్కినాడు. ఎంత ఎత్తంటే తల వంచుకోని లోపలికి వచ్చినాడు. కూచున్నాడో లేదో సంచిలోంచి సూదులు తీసినాడు. ఊలు పక్క సూడడు, సూదుల పక్క సూడడు, కిటికీలోంచి కొండలు సూస్తా అల్లతాండాడు. మన డ్రైవర్ల సంగతి తెలుసు గదా, స్పీడుబ్రేకరు కనబడితే ఇంగా తొక్కుతారు. బస్సులో అందురూ ఎగిరి పడినారు, ఆయప్ప చేతిలో ఒక్క కుట్టు జారలేదు."

"అది అయ్యే పనేలే," అంది స్టెల్లా ఉదారంగా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పూతలపట్టు దాటినాక ఇంజను బెల్టు పుటుక్కున తెగిపోయింది. డ్రైవరు తలకాయ పట్టుకోని కూచున్నాడు. ఈయప్ప గమ్మున లేసి పోయి, మనం టీ తాగేంతలో ఊలుతో ఇంగో బెల్టు అల్లి తగిలిచ్చినాడు. బస్సు ముందరికంటే జోరుగా పోయింది మే. వేడికి ఊలు కాలదా సామీ అని కండక్టరు అడిగినాడు. లోపల తడి దారం యేసినాలే, కాలదు అన్నాడు."

"ఆయప్ప పేరేంది?"

"పేరడిగేదానికి మనసు యాడుండాది నాకు? చేతులు సూస్తాండాను గదా! చిత్తూర్లో దిగేది గూడా మర్సిపోయినాను. బెంగళూరు బస్సది, నేరుగా బంగారుపాళ్యం పోయింది. ఆడ గుజ్జు ఫ్యాక్టరీ ఆడోళ్ళు షిఫ్టు దిగి వస్తాండారు. ఒకమ్మ సూసింది, ఇంగొకమ్మకు చెప్పింది, ఆయప్పతో అల్లిచ్చుకునేదానికి రోడ్డు పొడుగూ క్యూ. కొండమీద సర్వదర్శనం లైను గూడా అంతుండదు."

"మా ఫ్యాక్టరీ కాడనా? నేను ఆడనే ఉంటిని గదక్కా!"

"నువ్వు లోపల ఏసీలో తలుపు మూసుకోని ఉంటావు. నీకెట్ట తెలుస్తాది, గమ్మునుండు."

ఇప్పుడు అందరి కళ్ళూ తనమీదే. ఎస్తేరుకు ఎక్కడలేని హుషారు వచ్చింది. కాని భయం కూడా ఉంది. కథ ఆగిందంటే సూదులు సంచుల్లోకి పోతాయి, ఒకరికి పొయ్యిమీది పప్పు గుర్తొస్తుంది, ఇంకొకరికి ఇంటినుంచి ఫోనొస్తుంది. అందుకని ఏనుగుల్ని తోలుకొచ్చింది.

"అప్పుడే మే, పలమనేరు పక్క అడివిలోంచి ఏనుగుల మంద రోడ్డెక్కింది. లారీలన్నీ ఆగిపోయినాయి. మందలో ఒక పిల్లేనుగు, తుంపరకు తడిసి గజగజా వణకతాండాది. ఈయప్ప బస్సు దిగినాడు. పాపం, బిడ్డకు చలేస్తాండాది అన్నాడు. రోడ్డు మధ్యలో కూచోని మొదలుపెట్టినాడు. కాళ్ళకు నాలుగు చేతులు, తొండానికి ఇంగొకటి!"

"అంత ఊలు యాడిది?" అంది మునిరత్నమ్మ.

"ఎనకాల ఒక లారీ నిండా గొర్రెలుండాయి. ఆడికాడికే బొచ్చు తీసి, వడికి, అల్లినాడు."

"మరి గొర్రెలకు చలి పుట్టదా?"

"అందుకే గదా వాటికి గూడా తలా ఒక స్వెట్టరు అల్లినాడు!"

స్టెల్లా పొట్ట పట్టుకుంది. అమలకు కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"నగబాకండి, ఇనండి. పిల్లేనుక్కి తొడిగితే, యాడా బిగువు లేదు, యాడా వదులు లేదు, తోలు మాదిరి కుదిరింది. తల్లేనుగు తొండమెత్తి దండం పెట్టింది. మందకు మంద ఒక్క చెరుకు గెడ ముట్టకుండా అడివికి పోయింది."

"అంతమందికి అల్లినోడు, పక్కన కూచున్న నీకేమీ అల్లియ్యలేదా అక్కా?" నవ్వుతూనే అడిగింది అమల.

ఎస్తేరు కిందికి చూసుకుంది. ఆమె ఒంటిమీద మెరూన్ రంగు కొత్త స్వెట్టరు ఉంది. వచ్చినప్పటి నుంచి ఎవరూ దాని సంగతి ఎత్తలేదు.

"ఇదే," అంది. "ఇది ఆయప్ప అల్లిందే. చలికాలం ఒంటిగా ఉంటావు, జాగర్త అన్నాడు. మళ్ళా వస్తానన్నాడు."

ఏనుగును ఎవరూ నమ్మనక్కర్లేదు, గొర్రెల్ని అసలే నమ్మనక్కర్లేదు. ఈ ఒక్కటీ నమ్మితే చాలనుకుంది ఎస్తేరు. తనకోసం ఒక మనిషి కూచుని ఇంత ఊలు అల్లాడని ముగ్గురు అనుకుంటే, ఈ రాత్రి గది తాళం తీసేటప్పుడు అది కొంచెమైనా నిజమైనట్టు ఉంటుందని ఆమె ఆశ.

మునిరత్నమ్మ కళ్ళజోడు సవరించుకుంది.

"లెయ్యి మే ఎస్తేరూ. అట్ట తిరుగు."

"ఎందుకు?"

"తిరుగు మే, చెప్తా."

ఎస్తేరు లేచి గోడవైపు తిరిగింది.

"ముందర పక్క బాగుండాది. చేతులు బాగుండాయి. వీపే, ఈడ బిగిసిపోయి పైకి లేస్తాండాది," అంది మునిరత్నమ్మ. "ఏనుగుపిల్లకు తోలు మాదిరి కుదిరిందంటివే, నీ వీపుకెందుకు కుదర్లేదు?"

అమల ఫక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఉతికితే ముడుసుకుంది," అంది ఎస్తేరు గోడతో.

"ముడుసుకుంటే అంతా ముడుసుకోవాల. ఎవురన్నా కొల్త తీసి అల్లింటే ఇట్ట రాదు. ఎవురి వీపు వాళ్ళు కొల్సుకోలేరు మే, టేపు ఒక పక్క పట్టుకుంటే ఇంగో పక్క జారిపోతాది. అందాజుగా యేసినావు. ఇది నువ్వే అల్లుకున్నావు."

మునిరత్నమ్మ ఎగతాళి చెయ్యలేదు. జాకెట్టులో తేడా చెప్పినట్టు చెప్పింది. అందుకే అది మరీ గుచ్చుకుంది.

టేపు జారిన మాట నిజం. అల్లే రోజుల్లో ఎస్తేరు దాని చివర తలుపు గడియకు కట్టి చూసింది, కుర్చీకి గుచ్చి చూసింది, కుదరలేదు. చివరికి మంచం మీద కూచుని ఏడ్చింది. ఆ ఏడుపు స్వెట్టరు కోసం కాదు. ఎప్పుడూ నాలుక చివర సిద్ధంగా ఉండే అబద్ధం, ఇప్పుడు గోడవైపు నిలబడి ఎంత వెతికినా దొరకలేదు.

"ఎవురుండారు మునిరత్నమ్మా నాకు, కొల్సేదానికి?" అంది.

స్టెల్లా తల దించుకుంది. ఇన్నాళ్ళూ ఆమె కోతలకు కడుపుబ్బ నవ్వారు కాని, ఆ మిద్దె మెట్లు ఒక్కరూ ఎక్కలేదు.

"ఈడ ముగ్గురం బండల మాదిరి కూచోనుంటే కనబళ్ళేదా నీకు?" అని కసిరింది మునిరత్నమ్మ. కసురుతూనే సంచిలో చెయ్యి పెట్టి టేపు తీసింది. "ఇప్పు దాన్ని. వీపు భాగం మళ్ళా అల్లుకుందువు. నిటారుగా నిలబడు."

ఎస్తేరు స్వెట్టరు విప్పి స్టెల్లా చేతికిచ్చింది. మునిరత్నమ్మ టేపు ఒక భుజం మీద నొక్కిపెట్టి, అరచేత్తో సాపు చేస్తూ రెండో భుజం దాకా తీసుకుపోయింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎస్తేరు ఎందరివో వీపులు తుడిచింది, పుండ్లు పడకుండా పౌడరు రాసింది, మెల్లిగా పక్కకు తిప్పి పడుకోబెట్టింది. తన వీపుమీద ఒక చెయ్యి పడి ఎంత కాలమైందో ఆమెకు గుర్తు లేదు. ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా నిలబడింది.

"అయిపాయె," అని మునిరత్నమ్మ టేపు చుట్టబోయింది.

"అప్పుడే యాడయిపాయె?" అంది ఎస్తేరు, గోడవైపే చూస్తూ. "తప్పొచ్చిందేమో. ఇంగోసారి కొల్సు మే."