లోపలి మోడెం

గోదావరిఖనిలో కంప్యూటర్ల దుకాణం. బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుంటున్న గని కార్మికుడు ఒకతను రెండు మోడెంలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు.

“రెంటికి ఫరక్ ఏంది భాయ్?”

“ఇది కంప్యూటర్ డబ్బా లోపల బిగిస్తం కాకా. గిది బయటుంటది, తీగె పీకి ఎటన్న పట్కపోవచ్చు.”

“కంప్యూటర్ పక్క క్వార్టర్ల ఉండే మా బావది. ఫోను, మోడెం నాయి. తీగె గోడ మీంచి ఏస్తం.”

“అయితే బయటిదే తీస్కో. రేపు గొడవైతే నీది నువ్వు తెచ్చుకుంటవు.”

“గదే నా ఫికర్. పోయిన ఎండకాలం బావ మీద కోపంల ఆళ్లింట్లకెల్లి నా కూలర్ గుంజుకొచ్చిన. మా అక్క ఆర్నెల్లు మాట్లాడలే.”

“మరెట్ల?”

“లోపలిది ఇప్పాలంటే నిన్ను పిలవాలె గద?”

“అవు. నేను రెండు దినాలకు గాని రాను.”

“గప్పటికి కోపం దిగుతది. లోపలిదే ఇయ్యి.”