చావింటికి పోయిన చెంబు

హలో… ఆ, నేనే. సుధత్తనే, కోవిల్‌పట్టి నుంచి.

పొద్దున్నించి పదకొండు తూర్లు చేసినా నిరోషా. నువ్వు ఎత్తలా… సరి, మీటింగులో ఉంటివి. విరుదునగర్ పోయినప్పట్నించి నీకెల్లాం మీటింగులే… లేదు కన్నా, తిట్టేదానికి చెయ్యలేదు. తిట్టే ఓపిక కూడా లేదిప్పుడు నాకు.

అవ్వ తినలా.

…పొద్దున్నించి కాదు. మూడు దినాలుగా. కంజి నీళ్ళు కూడా లోపలికి పోలా. తడిగుడ్డతో పెదాలు తుడిస్తే పండ్లు బిగించుకుంటాది.

…వచ్చింది, డాక్టరమ్మ నిన్న ఇంటికే వచ్చి చూసింది. జరం లేదు, చక్కెర లేదు, బీపీ నీకన్నా నాకన్నా బాగుండాదంట. తొంబై నాలుగేండ్ల మనిషి, ఆస్పత్రిలో వేసి సూదులు గుచ్చితే ఓర్చుకోదు, తినేటట్లు మీరే చూసుకోండి అని చెప్పి పోయింది. ఎట్ల చూసుకునేది చెప్పు.

…ఎందుకా. నీ కత విన్నింది, అందుకు.

…అదే, తంగమ్మాళ్ కత. ఐదు చావులని పేరు పెట్టి సెల్లులో వదిలినావే, తమిళంలో… నేనెందుకు పెడతా. పక్కింటి సంగవి పెట్టింది. అవ్వా, మీ పేరు చెప్తాండారు వినండి అని చెవి కాడ పెట్టింది, పావం, సంతోసంగానే. నేను వచ్చి చూసేలోపల సగం ఐపోయింది.

…బాగుండాది. ఎవరు లేదన్నారు. కోర్టు కాగితాలెల్లాం తవ్వి తీసినావు. నీ గొంతు కూడా బాగుండాది. తంగమ్మాళ్ మా అమ్మకి సొంత మేనత్త అనేది మేమెవరం నోరు తెరిచి చెప్పుకోలా. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే గదా పడేది. దాన్ని నువ్వు నాలుగూర్లు వినేటట్టు చెప్తివి. పోనీ, దానిక్కూడా నాకు కోపం లేదు. ఎనబై ఏడేండ్ల కిందటి సంగతి. ఉరి వేసినారు, పోయింది.

కడాసిలో, ముగించేటప్పుడు అన్నావు చూడు — ఏడేండ్ల వళ్ళి ఆ చెంబుని నేలకి కొట్టకపోయుంటే ఈ వంశమే లేదు, ఆ దైర్యం గల బిడ్డ మా అవ్వ — అని.

ఆ మాట.

…నిజం కాదు గాబట్టి.

…కోర్టు కాగితంలో ఉండాది, తెలుసు. కోర్టు కాగితంలో ఉండేది ఆమె చెప్పిందే గదా. ఆమెకి నేర్పించి చెప్పించింది.

…ఉండు, చెప్తా. తిన్నె మీదికి వచ్చి మాట్లాడతాండా. ఆమె లోపల గోడ పక్కకి తిరిగి పడుకోనుండాది.

మొదుట్నించి చెప్తేనే నీకు అర్దమవతాది. మన ఊర్లో చావింట్లో మూడు దినాలు పొయ్యి వెలిగించరు, తెలుసు గదా. అయినవాళ్ళింటి నుంచి కంజి రావల్ల… ఇప్పుడెవరు చేస్తారు, ఓటల్ నుంచి పొట్లాలొస్తాయి. అప్పుడట్ల కాదు. ఎవరు కాచి పంపినా వద్దనకూడదు. చావింటి కంజిని వద్దంటే పోయినవాళ్ళకి ఆకలి తీరదంట.

ఆ కంజి కాచేది తంగమ్మాళే. పదహారేండ్లకి మొగుడు పోయి పుట్టినూరికి వచ్చేసింది. వెనక సందులో ఒంటిగా ఉండేది.

…బూమి కోసరం చంపింది అని చెప్పినావు నువ్వు. ప్లీడరు అట్ల వాదించుంటాడు. బూమిని పెట్టుకుని ఆమె ఏం చేసుకునేది, పిల్లా జెల్లా లేనామె. అమ్మ చెప్పేది వేరే. పెండ్లికి పిలవరు ఆమెను. సీమంతానికి పిలవరు. పొద్దున్నే ఎదురొస్తే ఇంట్లోకి తిరిగిపోయి, ఒక గుక్క నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. అట్లాంటి మనిషిని చావింటికి మాత్రం తంగమ్మా, తంగమ్మా అని పిలిచేది. మా అమ్మ తాత జరం వచ్చి పోయినాడు — అది మామూలు చావే — మూడు దినాలు కంజి కాచి పంపింది. అందరూ చెయ్యి పట్టుకుని ఏడ్చినారంట, నువ్వు లేకపోతే మా గతేంది అని. నాలుగో దినం ఎవరి పొయ్యి వాళ్ళు వెలిగించుకున్నారు. ఆమె మళ్ళీ సందులోకి పోయింది.

…అంతే. ఇంకేం లేదు. మళ్ళీ పిలవల్లంటే మళ్ళీ చావు రావల్ల గదా.

…లేదు, కంజి కుండలో ఏం కలపలా. అది అందరికీ. వేరేగా ఒక చిన్న చెంబు వచ్చేది. సుక్కు కాపీ. సొంటి, మిరియాలు, కరుపట్టి బెల్లం వేసి కాచి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయినవాళ్ళకి ఒకరికి. ఆ గన్నేరు గింజ విషం కలిపింది అందులోనే. ఆ కారంలో చేదు ఎవరికి తెలుస్తాది. మొగుడు లేనామె పొద్దున్నే పాత్ర ఎత్తుకుని సందులో నడవకూడదు గాబట్టి మా అమ్మ ఎత్తుకొచ్చేది. ఏడేండ్ల పిల్ల.

…అవును, చెప్పినావు. తెలీక ఎత్తుకొచ్చింది అని చెప్పినావు.

తెలుసంట ఆమెకి.

…రెండో చావుకే తెలుసంట. ప్రతి తూరీ చెంబు చేతికిచ్చి, నువ్వు నాలిక మీద కూడా పెట్టుకోవద్దు బంగారూ అనేదంట. చిన్నాయనకి ఇచ్చింది, చిన్నాయన పోయినాడు. పిన్నమ్మకి ఇచ్చింది, పిన్నమ్మ పోయింది. అప్పరం ఇంకా ఇద్దరు.

…ఎవరికీ చెప్పలా.

…ఎందుకంటే ఏమని చెప్పేది. చెంబు ఇచ్చేసి తిరిగి పోతే ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల దువ్వేదంట ఆ అత్త. ఇంట్లో ఎప్పుడు చూసినా ఏడుపులు, ఈ పిల్లకి తల దువ్వేదానికి ఎవరికి తీరుతాది. ఆమె దువ్వేది, పూలు పెట్టేది.

ఐదోది వాళ్ళమ్మకి.

…ఆ, మీ ముత్తవ్వకే. ఆ పొద్దు సందు మలుపులో శానా సేపు నిలబడిందంట. పారబోసేద్దామని. పారబోస్తే, తాగినారా అని అత్త అడుగుతాది. అబద్దం చెప్తే కనిపెట్టేస్తాదేమో అని బయం. ఒక చిన్నపిల్ల బయం అంతే నిరోషా. తిట్టు తింటామని బయం. ఎత్తుకుపోయి ఇచ్చేసింది. వాళ్ళమ్మ తాగి, చెంబు కడిగి ఇచ్చిరా పాపా, ఎంగిలి చెంబు ఇయ్యకూడదు అనిందంట. కడిగి ఇచ్చొచ్చింది.

…

ఉండావా?

…ఏడవద్దు. నేనేడ్చింది చాలు ఇద్దరికీ.

…అది ఆరోది, వాళ్ళ నాయనకి పంపింది. నువ్వు చెప్పినావే నేలకి కొట్టిన చెంబు, అదే. కొట్టలేదమ్మా. గడప కాడ కాలికి రాయి తగిలి పడింది. కాపీ నేలపాలయింది. గుంజకి కట్టేసిన మేక నాకి చచ్చింది. అప్పుడు తెలిసింది ఊరికి. పోలీసులు వచ్చేలోపల వాళ్ళ మామ చెల్లసామి గదిలోకి తీసుకుపోయి నేర్పించినాడంట. తెలిసే కొట్టేసినా అని చెప్పు, లేకపోతే ఐదుగురికి ఎత్తుకుపోయినావు గదా, నిన్ను కూడా పట్టుకుపోతారు అని. చెప్పింది. కోర్టుకి కొత్త పావాడ కుట్టించినారంట. బల్ల మీద నిలబెట్టి అడిగితే అట్లనే చెప్పింది. జడ్జి మెచ్చుకున్నాడు. అప్పట్నుంచి ఊర్లో దైర్యం బిడ్డ అని పేరు.

…తంగమ్మాళా. కోర్టు వాకిట్లో తీసుకుపోతా ఉంటే ఈ పిల్లని చూసి, పాపిడి వంకరగా ఉండాదే, ఎవరు దువ్వినారు అనిందంట. అంతే మాట్లాడింది.

నీకు గ్యాపకం ఉండాదా… అవ్వ నీకు ఎప్పుడన్నా తన చేత్తో ఒక ముద్ద పెట్టిందా?

…ఆలోచించు బాగా.

…మీ నాయన బాలచందర్‌ని అడుగు. మాకు చనుబాలు తప్ప ఆమె చేత్తో ఏమీ రాలా. మా నాయన వాళ్ళక్క వండి పెట్టింది, ఆమె పోయినాక పదకొండేండ్లకే గరిటె నా చేతికొచ్చింది. పెద్దింటి పిల్ల, ఒకరికి వడ్డించాల్నా అని పొగరు అనింది ఊరు. నేనూ అట్లనే అనుకున్నా. ఒక తూరి మొకం మీదే అనేసినా. తల వంచుకుని ఒత్తులు చేసుకుంటా ఉండిపోయింది.

…తెలుసు, నలబై వేల మంది వినేసినారు. దాన్నేం మార్చలేవు… ఓ, బహుమతికి కూడా పంపించినావా… పిల్లికి చెలగాటం, ఎలక్కి పానసంకటం అంటారే, అట్లయింది మా పని… సరి, సరి, నిన్ననలా. తీసెయ్యమని అడగలేదు. వేరే కత చెయ్యమనీ అడగలేదు. ఒక తూరి వచ్చి చూస్తావేమో అని చేసినా. సాత్తూరు దాటితే ఐపోయింది, గంట దూరమే గదా.

…వచ్చి ఏం చెప్పేదంటే… అది తెలిస్తే నేనే చెప్పేస్తా గదా. చిన్నపిల్లవి, నీ తప్పేముంది అనేది మాత్రం వద్దు. నేను చెప్పినా. డాక్టరమ్మ కూడా ఏదో చిన్నప్పటి బాద అనుకుని అదే చెప్పింది. ఆ మాట వస్తానే కండ్లు మూసేసుకుంటాది.

…ఆదివారమా. ఆదివారం దాకా… సరి. నీ వీలు.

…కోపం లేదన్నా గదా. నిజం చెప్పల్లంటే, అంతా నీ మింద తోసేద్దామనే చేసినా నీకు. నీ కత విని పడుకునింది అన్నా చూడు, అది పూరా నిజం కాదు.

కత విన్నింది సోమవారం. ఆ సాయంత్రమే ఇదంతా చెప్పింది, నేను పూలు కడతా కూర్చోనుంటే. చెప్పి, రెండు ఇడ్లీ తినింది. ఇంకొకటి వెయ్యి అని అడిగి తినింది. బాగా నిదర పోయింది. బరువు దిగినట్టు ఉండె మొకం.

మంగళవారం పొద్దున వంటింట్లో చప్పుడు. పోయి చూస్తే పొయ్యి కాడ ఆమె. నా జన్మలో చూడలా ఆమెను అక్కడ. గ్యాసు వెలిగించేది తెలీక సంగవిని పిలిపించుకోనుండాది. సుక్కు కాపీ పెట్టింది. గ్లాసులో పోసి, రెండు చేతులా పట్టుకుని, గోడ ఆనుకుంటా ఆనుకుంటా నడిచొచ్చి నాకిచ్చింది. తాగు సుధా, అనింది.

…

తీసుకున్నా. తీసుకుని… గ్లాసు లోపలికి చూసినా.

అంతే. ఇంకేం చెయ్యలా. నోటి కాడికి తెచ్చి, ఆగి, లోపలికి చూసినా. ఎందుకు చూసినానో నాకు తెలీదు. నన్ను కన్నామె నిరోషా. తలెత్తేసరికి నన్నే చూస్తాంది.

…తాగినా. తాగకుండా ఉంటానా. గబగబా తాగేసినా, నాలిక కాలింది. శానా బాగుండాదమ్మా అన్నా. ఆమె గ్లాసు నా చేతిలో నుంచి తీసుకునింది. పోయి కడిగింది. బోర్లించింది. వచ్చి గోడ పక్కకి తిరిగి పడుకునింది. అప్పట్నుంచే. మాటా లేదు, నీళ్ళూ లేవు.

…వద్దు. ఎవరైనా చూస్తారు అని చెప్పొద్దు. నేను ఎవరో ఒకరు కాదు గదా ఆమెకి.

…ఇప్పుడే బయల్దేరతావా. రా… ఏం తేవద్దు. పండ్లు గిండ్లు ఏం వద్దు… ఊరకే రా.

ఉండు, లోపల మంచం కదిలింది. కట్ చెయ్యొద్దు. ఈ కిటికీలో పెట్టి పోతా…

అమ్మా. లేచినావా?

నిరోషా వస్తాంది. బస్సెక్కుతాంది.

…అమ్మా, నాకు సుక్కు కాపీ పెట్టి ఇస్తావా. నేను పట్టుకుంటా, మెల్లగా పోదాం పొయ్యి కాడికి. నువ్వే పోసియ్యి, నీ చేత్తోనే. ఇచ్చినట్టే తాగేస్తా, లోపలికి చూడను.

అమ్మా.

ఇట్ల తిరుగమ్మా. ఒక్క తూరి.

…