తోక నరికినవాడి పేరు

అదే కదా నేను మొత్తుకునేది, అత్తయ్యా! మా ఆఫీసులో అంతమంది ఉన్నారు, ఒక అంకెను సరిగ్గా మార్చడం ఒక్కడికీ చేతకాదు. కాలు మాత్రం మీది విరిగింది. లేవకండి, దిండు నేను సర్దుతాను. చీలమండ కదపొద్దని డాక్టరు చెప్పాడా లేదా?

ఫిర్యాదు నేనే రాసుకొచ్చాను. మీరు చదివి సంతకం పెడితే చాలు. నాలుగింటికి మా మేనేజర్ విచారణ. ఇందులో ఎవరి పేరుంటే వాళ్ళ ఉద్యోగం ఈ రోజుతో సరి. ఆ అంకె మార్చే కోడ్ రాసినవాడి పేరే రాశాను. వాణ్ణి ఆఫీసులో గొడ్డలి అంటాం.

ఎందుకంటే, మన బిల్డింగులో ఉన్నది మా కంపెనీ లిఫ్టే కదా. ఏ అంతస్తు ఎంత ఎత్తులో ఉందో దానికి దశాంశాల్లో తెలుస్తుంది. మీకు తేలిగ్గా ఉంటుందని చిన్న అంకె చెబుతున్నాను, పన్నెండు పాయింట్ తొమ్మిది, అలాగన్నమాట. కానీ మోటారుకి దశాంశాలు ఎక్కవు. పన్నెండో పదమూడో తేల్చి చెప్పాలి. ఒక అంకె తేడా వస్తే రెండు వేళ్ళ ఎత్తు తేడా.

ఆ మార్పు కోసం నేనొక ఫంక్షనల్ ఇంటర్‌ఫేస్ రాసిపెట్టాను. పేరు చూసి కంగారు పడకండి. ఒకే పని జరిగే కౌంటరు అనుకోండి. ఇటు దశాంశం ఇస్తే అటు పూర్ణాంకం రావాలి, అంతే. లోపల కూర్చున్నవాడు ఎలా మార్చాడని కౌంటరు అడగదు. ఎవరికి కావలసిన పద్ధతి వాళ్ళు తెచ్చి అందులో పెట్టుకోవచ్చు.

నేనంత ముచ్చటగా చేసిపెడితే ఆ మహానుభావుడు తెచ్చి పెట్టిందేంటి? పాయింటు తర్వాత ఉన్న తోకను నరికి పారేయడం. పన్నెండు పాయింట్ తొమ్మిదా? పన్నెండు. పక్కనే పదమూడు ఉంది నాయనా, అటు ఒకసారి చూడు అంటే, ఊహూ. అందుకే గొడ్డలి అన్నాం.

మీరు నలభై ఏళ్ళు బట్టలు కుట్టారు. పావంగుళం తేడా వస్తే కుట్టంతా విప్పి మళ్ళీ కుట్టేవారు. వీడికి విప్పి కుట్టడం మాట దేవుడెరుగు, టేపు పట్టుకోవడమే రాదు. నాకంటే పదేళ్ళు పెద్ద కూడాను. కీబోర్డు నిండా బిస్కెట్టు పొడి, అడిగితే "నడుస్తోందిగా" అని ఒక నవ్వు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఏంటీ? పై అంతస్తుల్లో సమంగానే ఆగేదా?

ఆగేది. మొదట్లో రెండు వేళ్ళు కిందికి ఆగేది, తర్వాత సరిచేశారు. వాడిచ్చిన అంకెకి ఒకటి కలిపారు. నీళ్ళు తాగుతారా? వద్దా.

కార్లు పెట్టే చోటు నేలకి దిగువన కదా, అక్కడ అంకెలన్నీ మైనస్. మైనస్ పన్నెండు పాయింట్ తొమ్మిదికి తోక నరికితే మైనస్ పన్నెండు. అంటే లిఫ్టు ఉండాల్సిన దానికంటే రెండు వేళ్ళు పైన ఆగుతుంది. దానికి మళ్ళీ ఒకటి కలిపితే ఇంకో రెండు వేళ్ళు పైకి. మీరు నేల సమంగా ఉందనుకుని కాలు పెట్టారు.

ఆ ఒకటి ఎవరు కలిపారంటే... అలా చూడకండి అత్తయ్యా.

నేనే. ఆ గొడ్డలి పక్కన పారేసి, దగ్గరి అంకెకి మార్చే పద్ధతి పెడితే ఒక్క లైనుతో పోయేది. కానీ వాడి కోడ్ ముట్టుకోవాలంటే వాడి కుర్చీ దగ్గరికెళ్ళి మాట్లాడాలి. ఆ మొహంతో నేను మళ్ళీ మాట్లాడడమా? అందుకే వాడికి చెప్పకుండా నా వైపు నుంచి ఒకటి తగిలించాను. పైన ఆరు అంతస్తులూ ఎక్కి చూశాను. కిందికి దిగి చూడలేదు. చూడాలని తెలుసు. దిగలేదు.

ఏమన్నారు? పొద్దున ఇక్కడికి వచ్చాడా? వాడా?

తప్పంతా తనదే అన్నాడా? నేను కలిపిన ఒకటి గురించి ఏమీ చెప్పలేదా? నిన్ననే కోడ్ అంతా తిరగేశాడు, అత్తయ్యా. ఆ లైను పక్కన నా పేరు కనిపిస్తూనే ఉంటుంది. చూసే ఉంటాడు. చూసి కూడా మీ ముందు అంతా తన నెత్తిన వేసుకున్నాడా?

పెన్ను నాకెందుకిస్తున్నారు?

తప్పులో సగం తనది, సగం నాది. మొత్తం తనదేనని చెప్పి వెళ్ళాడు. వాడికి లెక్కలు రావని నేను చెప్పలేదూ? ఇలా ఇవ్వండి ఆ కాగితం. నా పేరు కూడా రాస్తాను, తర్వాత మీరు సంతకం పెడుదురుగాని.