పగలు ఎవరూ లేని ఇల్లు

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మంచు కురుస్తున్న సాయంత్రం. హీటర్‌ని నడపడానికి తనే బిగించిన కొత్త థర్మోస్టాట్ ముందు మొగుడు నిలబడి తల గోక్కుంటుంటే ఆమెకు ఒళ్ళు మండింది.

“ఇల్లు కొలిమిలా ఉంది. ఇదేమో చలి అంటోంది!”

“పగలు ఇంట్లో ఎవరూ ఉండరని హీట్ బాగా తగ్గిపోయేలా ప్రోగ్రామ్ చేసిన మేధావి ఎవరో?”

“ఇద్దరం ఆఫీస్‌కి పోతాం కదా.”

“మీ అమ్మ మనిషి కాదా?”

అతను థర్మోస్టాట్ బటన్లు నొక్కసాగాడు.

“పైగా నంబర్ పెట్టి లాక్ చేశావ్! పాపం ఆవిడ వణుక్కుంటూ నాకు ఫోన్ చేసింది. ఫ్రీజర్‌లోంచి మునక్కాడల ప్యాకెట్ తీసి ఈ థర్మోస్టాట్‌కి ఆనించమన్నాను. నీకన్నా అదే నయం, చలి తెలిసి వేడి మొదలెట్టింది.”

“అమ్మ నాకు ఫోన్ చెయ్యొచ్చుగా?”

“నేనూ అదే అన్నాను. ‘వాడి లెక్కలో ఇంట్లో ఎవరూ లేరు కదమ్మా, ఇంక ఫోనెవరు చేస్తారు?’ అంది.”