శుక్రవారం జవాబు, ఆదివారం ప్రశ్న

ఆపమ్మా, ముందు ఆ ఫోను ఆపు. ఎవరు వాళ్ళిద్దరూ, గొంతులు అలా చించుకుంటున్నారు? వాదనా? దేనిమీద? ఆ, విన్నాలే, నాకింకా చెవుడు రాలేదు. "మీ అన్నదమ్ముల్లోంచి నాలాంటి ప్రవక్తనొకణ్ణి మీకోసం లేపుతాడు" అని మోషే చెప్పిందే కదా. ఆ మాటే! యాభై అయిదేళ్ళయింది, ఇంకా తెమల్లేదన్నమాట. ఒకడు ఆయన మావాడంటాడు, ఇంకొకడు కాదు మావాడంటాడు, మధ్యలో చూసేవాళ్ళెంతమంది అన్నావ్? నాలుగు లక్షలా? నాలుగు లక్షల మందికి పనీపాటా లేదా? నవ్వకు. నీకది తమాషా. మీ తాతని తినేసింది ఆ మాట. అదే, మీ నాన్నకి నాన్న, నాకు బావ. మా అక్కని చేసుకున్నాడు కాబట్టి బావ గానీ, నన్ను పెంచింది ఆయనే. మీ నాన్న ఆయన పేరు కూడా ఎత్తడు కదా. తెలుసు నాకు. ఫోటో కూడా బీరువా పైన బోర్లించి పెట్టాడు. ఎందుకో నీకెవరూ చెప్పలేదా? కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊడింది, ఇటు మంచం మీద కూర్చో.

మేమిద్దరం ప్రెస్సులో పనిచేసేవాళ్ళం. ఇప్పుడు మీకు మీట నొక్కితే కాగితం బయటికొస్తుంది. అప్పుడలా కాదు. సీసం అక్షరాలు, ఒక్కోటి వడ్లగింజంత, గోడ పొడుగునా చెక్క అరల్లో ఉండేవి. వాటిని ఏరి, తిరగేసి, వరస కట్టేవాడు కంపోజిటర్. అది మీ తాత. ఆయన కట్టిన దాన్ని మిషన్‌కి బిగించి, కాలితో తొక్కి, కాగితాల మీద కొట్టేవాణ్ణి నేను. గంటకి ఎనిమిది వందలు తొక్కేవాణ్ణి, ఒక్కటి తక్కువైతే అడుగు. ఈ పిక్క చూడు, ఇప్పటికీ రాయిలా లేదూ? చదువు మాత్రం సున్నా. అక్షరాలు అచ్చు కొడతాను గానీ ఒక్కటి గుర్తుపట్టలేను. వంటవాడికి నాలిక లేనట్టు. అది గుర్తుపెట్టుకో, దాంతో పని పడుతుంది. మీ తాత ప్రూఫు పైకి చదివేవాడు, నేను సిరా పూస్తూ వినేవాణ్ణి. పెళ్ళి కార్డులు, పరీక్ష పేపర్లు, మందుల షాపు బిల్లు పుస్తకాలు, అన్నీ ఆయన గొంతులోనే విన్నాను. పరీక్ష పేపర్లు వచ్చిన రోజుల్లో మేస్టర్లు సైతం ఆయనకి నమస్కారం పెట్టేవాళ్ళు. ఒక్క ప్రశ్న బయటికి పొక్కిందా ఎప్పుడైనా? ఇంట్లో మా అక్క అడిగినా చెప్పేవాడు కాదు. "ఒకడి కాగితం ఇంకొకడికి చెప్పినవాడు కంపోజిటర్ కాదు, చాడీకోరు" అనేవాడు.

అలాంటి ప్రెస్సుకి వచ్చారమ్మా ఇద్దరు మహానుభావులు. ముందు పాస్టరు. ఆయన గొంతు ఎలా ఉండేదంటే, వెన్న పూసినట్టు. "సోదరా... ఒక చిన్న కరపత్రం..." అంటూ వచ్చాడు. మొదట్లో ఈ వాక్యం, ఆరు లైన్లు. కింద ఆయన వాదన. ఆ రాబోయేవాడు మా ప్రభువే, అన్నదమ్ములంటే మోషే సొంత జనం, ఆ పన్నెండు తెగలవాళ్ళే, బయటివాళ్ళెలా అవుతారు, ఇదిగో మోషేకీ మావాడికీ పోలికలు పదకొండు. పసితనంలో రాజు చంపబోతే ఇద్దరూ తప్పించుకున్నారు, అదొకటి, ఇదొకటి. వారం తిరక్కుండా మౌల్వీ. ఈయన మాట మాట్లాడితే కిటికీ అద్దాలు గలగలలాడేవి. "రాసుకో!" ఆయనదీ అదే వాక్యం. అన్నదమ్ములంటే ఆ తెగల ముత్తాత కొడుకులు, తండ్రి ఒకడు, తల్లులు వేరు, ఆ పెద్దకొడుకు సంతతి మాది, కాబట్టి మావాడే. ఇదిగో పోలికలు, పదమూడు. మోషే పెళ్ళీ పిల్లలూ ఉన్నవాడు, మావాడూ ఉన్నవాడు, ఆయనా చట్టం తెచ్చాడు, ఈయనా తెచ్చాడు. పాస్టరు ఊరుకుంటాడా? పదిహేడు చేస్తానన్నాడు. ప్రవక్తల సంగతి కాదమ్మా, వేలంపాట!

మీ తాత మాత్రం ఆ ఆరు లైన్లూ విప్పి అరల్లో వెయ్యలేదు. ఒకసారి కట్టినదాన్ని దారం చుట్టి పళ్ళెంలో అలాగే ఉంచేశాడు. నూట అరవై మూడు అక్షరాలు, లెక్కపెట్టి చెప్పాడు నాకు. "వీళ్ళకీ ఇదే, వాళ్ళకీ ఇదే, మళ్ళీ మళ్ళీ ఎందుకు ఏరడం" అన్నాడు. నేను చూశాను కదా, ఒకే సీసం ముక్క పొద్దున ఆయన కాగితం మీద, సాయంత్రం ఈయన కాగితం మీద. దానికి లేని తేడా వీళ్ళకెందుకొచ్చిందో! ఎదురు కొట్లో గడియారాలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. మోషే ఎవరివాడో, ఆ పుస్తకం మొదట ఎవరిదో, వాళ్ళ మతం ఆయనది. ఊరు మొత్తానికి ఒకటే ఇల్లు వాళ్ళది. ఓ రోజు ఆ కరపత్రాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని, కంటికి ఆ గాజుబిళ్ళ తగిలించుకుని చదివాడు. "మా పెద్దలేమనేవారంటే, అది మోషే తర్వాత జనాన్ని నది దాటించినవాడి మాట అని. కొందరేమో, ఒకడని కాదు, వరసగా వచ్చేవాళ్ళందరూ అనేవాళ్ళు. మా ఇంటి ఉత్తరం చదివి వీళ్ళిద్దరూ కొట్టుకుంటున్నారు, మమ్మల్ని మాత్రం ఎవరూ అడగరు" అని, మళ్ళీ గడియారం మీదకి వంగాడు. నిజం కదూ?

ఇక అసలు సంగతి. పాస్టరు పదిహేడు పోలికల కరపత్రం సోమవారం ఇచ్చాడు. మంగళవారం నేను తొక్కేశాను, వెయ్యి. ఆదివారం ప్రార్థన అయ్యాక పంచుతానని కట్టలు కట్టించుకుపోయాడు. ఊళ్ళో ఒక్కడి చేతికీ వెళ్ళలేదు. గురువారం మౌల్వీ వచ్చాడు, "అర్జెంటు!" అని. అదేరోజు కొట్టేశాం. శుక్రవారం మధ్యాహ్నానికి జనం చేతుల్లో ఉంది. ఏముందందులో? ఆ పదిహేడింటికీ జవాబు! ఒకటో పాయింటుకి ఒకటో జవాబు, రెండో దానికి రెండోది. అర్థమైందా? ప్రశ్న ఆదివారం రావాలి, జవాబు శుక్రవారమే వచ్చేసింది. ఊరంతా గొల్లున నవ్వింది. ప్రవచనం అంటే అదమ్మా, అసలు ప్రవచనం!

పాస్టరు నవ్వలేదు. శనివారం పదకొండింటికి ప్రెస్సులోకి వచ్చి కూర్చున్నాడు, వెనక ఇరవై మంది. మౌల్వీని కూడా పిలిపించారు, ఆయన వెనకా ఇరవై మంది. ఓనరు అటూ ఇటూ పరుగులు పెడుతున్నాడు. రెండు పార్టీలూ పోతే ప్రెస్సులో మిగిలేది పెళ్ళి కార్డులే. టీ తెప్పించాడు. ఒకే కెటిల్‌లోంచి నలభై మందీ తాగారు, ఒకే ఫ్యాను కింద కూర్చున్నారు. రెండు నెలలుగా ప్రవక్త ఎవరో తేల్చలేనివాళ్ళు, దొంగ ఎవరో అయిదు నిమిషాల్లో తేల్చేశారు! "కంపోజిటరే. చదువొచ్చినవాడు అతనొక్కడే." పాస్టరు వెన్న గొంతుతో, "సోదరా, ఎంతకి అమ్ముకున్నావు?" అన్నాడు. మీ తాతని! పరీక్ష పేపర్లు అక్కకి కూడా చెప్పని మనిషిని!

మౌల్వీ ఉన్నాడు కదా అక్కడే, ఒక్కమాట చెప్తే అయిపోయేది. "నీకెలా దొరికింది" అంటే ఏమన్నాడో తెలుసా? "పైవాడు అందించాడు." అంతే. పైవాడు అందించాడట! పైవాడు కాదు, వాళ్ళ టైలరు అందించాడు. ఆ టైలరుకి బేకరీవాడు అందించాడు. రొట్టె చుట్టిన కాగితం మీద పదిహేడు పోలికలూ ఉన్నాయి, నూనె మరకలతో సహా. అంత పెద్దమనిషి, రొట్టె పొట్లంలో దొరికిందని చెప్పుకోవడం నామోషీ. నామోషీకి ఒక మనిషి బలి. సరే, ఈయనదలా ఉంటే ఆ పాస్టరుకేమైంది? కనుక్కోవచ్చు కదా! మర్నాడు ప్రార్థనలో మీ తాత పేరు పెట్టి మరీ "ప్రభువుని పట్టిచ్చినవాడిలా ముప్ఫై నాణేలకి అమ్ముడుపోయినవాడు" అని చెప్పాడు. సోమవారం బడిలో పిల్లలు మీ నాన్నని అదే పిలిచారు, "అమ్ముడుపోయినోడి కొడుకు" అని. ఏడేళ్ళు వాడికి. పలక పగలగొట్టుకుని వచ్చాడు.

ఉండు, ఆ శనివారం ఇంకా అవలేదు. ఇద్దరూ ఒకటే పట్టు. ప్రమాణం చెయ్యమని. ఈయన మా పుస్తకం మీద అంటాడు, ఆయన మా పుస్తకం మీద అంటాడు. ఇప్పుడు దానిమీద పోట్లాట! మీ తాత చేతులు తుడుచుకుని, లేచి, మెల్లిగా అన్నాడు. మెల్లిగానే. "నా మాట నమ్మనివాళ్ళు నా ప్రమాణం ఏం నమ్ముతారు? నేను చెయ్యను. కానీ ఒకటడుగుతాను. మీరిద్దరూ నాచేత ఆరు లైన్లు వేయించారు. ఆ పుస్తకంలో ఆ ఆరింటికీ కిందే ఇంకో నాలుగు లైన్లున్నాయి. 'నేను చెప్పమనని మాట నా పేరు పెట్టి చెప్పినవాడు బతకడు' అని. ఇన్ని కాగితాలు వేశారు, ఆ నాలుగు లైన్లు మీలో ఒక్కరూ వేయించుకోలేదేం?"

 ఇద్దరికీ ఒకేసారి కోపం వచ్చింది. రెండు నెలల్లో వాళ్ళిద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే. "వీణ్ణి ఉంచితే మీకు మా పని ఇవ్వం" అన్నారు. ఓనరు మీ తాత మొహం చూడకుండా, గోడ కేసి చూస్తూ, "రేపట్నించి రావద్దయ్యా" అన్నాడు. పదహారేళ్ళు చేశాడు అక్కడ. ఊళ్ళో ఉన్న ఇంకో రెండు ప్రెస్సులూ తలుపు తియ్యలేదు. చివరికి పిండి మిల్లులో చేరాడు, బస్తాల మీద అంకెలు కోసిన రేకు పెట్టి, సిరాతో నంబర్లు పులమడం. ఒకటి, రెండు, మూడు... పద్దెనిమిదేళ్ళు అదే. అక్షరం మళ్ళీ ముట్టుకోలేదు.

ఏంటి? ఆ కాగితం బేకరీకి ఎలా వెళ్ళిందా?

నీకు తెలివి ఎక్కువే. మీ తాత బుర్ర.

ప్రెస్సులో ఒక కట్టుబాటు ఉండేది. సిరా సరిచూసుకోవడానికి మొదట కొట్టి పాడయ్యే కాగితాలుంటాయి కదా, ముప్ఫయ్యో నలభయ్యో, వాటిని సరుకు జనంలోకి వెళ్ళేదాకా గడప దాటించకూడదు. పొయ్యిలో వేసెయ్యాలి. మిషన్ తొక్కేవాడి పని అది. నా పని. నాకేమో బన్ను అంటే పిచ్చి, పంచదార అద్దిన బన్ను. బేకరీవాడికి పొట్లాలకి కాగితం కావాలి. నాలుగు బన్నులకి నలభై కాగితాలు. ఏళ్ళ తరబడి ఇచ్చాను, మందుల షాపు కాగితమైతే ఎవడికేం పట్టింది? నాకు చదువు రాదు, ఏ కాగితమైనా నాకు ఒకటే. ఆ మంగళవారం కూడా ఇచ్చాను. బన్నులు తిన్నాను. బాగున్నాయి.

మీ తాతకి తెలుసు. గురువారం మౌల్వీ రాసిచ్చింది కడుతూ కడుతూ, మూడో పాయింటు దగ్గర చెయ్యి ఆగిపోయింది. నాకేసి చూశాడు. "బావమరిదీ, పాడైన కాగితాలేం చేశావురా?" అన్నాడు. "కాల్చేశా బావా" అన్నాను. ఇంకేం అడగలేదు. మిగతా పద్నాలుగూ కట్టేశాడు. శనివారం ఆ నలభై మంది మధ్యలో మళ్ళీ ఒకసారి నాకేసి చూశాడు. నేనేం చేస్తున్నానో తెలుసా? మిషన్ తొక్కుతున్నాను. కాగితం లేదు. ఖాళీ మిషన్ తొక్కుతున్నాను, పనిలో ఉన్నట్టు. దడ్, దడ్, దడ్ అని. నన్నెవరూ అడగలేదు. చదువురానివాడిని ఎవడనుమానిస్తాడు? ఆయన చెప్పెయ్యొచ్చు. వేలు చూపించినా చాలు. చూపించలేదేం? ఎందుకు చూపించలేదు ఆ మనిషి? నాకు ఆ పాస్టరు మీద కన్నా, ఆ మౌల్వీ మీద కన్నా, ఆయన మీదే ఎక్కువ మండుతుంది! ఎవరడిగారు ఆయన్ని అంత మంచితనం? నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఉంటే పోయేది. పద్దెనిమిదేళ్ళు, ఆదివారం ఆదివారం నన్ను భోజనానికి పిలిచి, "వాడికి ఇంకొంచెం వడ్డించు" అని మా అక్కకి చెప్పేవాడు.

అక్క నమ్మింది తల్లీ, వాళ్ళ మాటే. పూర్తిగా కాదు, సగం. ఆయన పోయే ముందురోజు కూడా అడిగింది, నేను అక్కడే ఉన్నాను, "ఇప్పుడైనా చెప్పండి, మీరే ఇచ్చారా?" అని. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను ఆయన కాళ్ళు ఒత్తుతున్నాను. అప్పుడైనా చెప్పలేదు నేను. అక్క కూడా పోయింది. ఇక మీ నాన్న. అరవై రెండేళ్ళొచ్చాయి వాడికి, ఇప్పటికీ తండ్రి ఆ కాగితం అమ్ముకున్నాడనే అనుకుంటున్నాడు. వాడు నాకు ప్రతి నెలా మందులు తెచ్చిపెడతాడు. "మామయ్యా, నువ్వు లేకపోతే మేమేమైపోయేవాళ్ళమో" అంటాడు. నాతో!

అలా చూడకు. నువ్వు చెప్పక్కర్లేదు. నేనే చెప్తాను. ఇవాళే చెప్తాను, వాడు మందులు తీసుకుని రానీ, ఇక్కడే, ఈ మంచం మీదే కూర్చోబెట్టి, "అల్లుడూ, మీ నాన్న..."

వచ్చినట్టున్నాడు. చెప్పుల చప్పుడు. కళ్ళు తుడుచుకో.

రారా అల్లుడూ. ఏం లేదు, ఊరికే, మీ అమ్మాయితో కబుర్లు. అంత ఎండలో నడిచొచ్చావా? ఆ వంటింట్లో కుళాయి మళ్ళీ కారుతోందిరా. ఎవరికన్నా చెప్పి ఓసారి చూపించు.