దొరగారి మోకాలు

పశువుల డాక్టరు గది. నడుమ నున్నటి ఇనుప బల్ల, గోడవారన ఒక బెంచీ. వచ్చినవాళ్ళు ఒక అత్త, ఒక కోడలు, కోడలి చంకలో ఈమధ్యే నడక నేర్చిన కొడుకు, బుట్టలో దొర అనే బుల్లి కుక్క.

"కుక్కని బల్ల మీద పెట్టమన్నానమ్మా. బాబుని కాదు."

"ముందు వీణ్ణి చూడండి డాక్టరుగారూ. దొరని తర్వాత చూద్దురుగాని."

"నేను పశువుల డాక్టర్నమ్మా."

"తెలుసండీ. బయట బోర్డు చదివే లోపలికొచ్చాను."

"చదివి కూడా పిల్లాడి చెప్పులు విప్పుతున్నారు."

"మోకాలు చూడాలంటే కాలు చాపాలి కదండీ… ఒక్కసారి, ఒక్కసారి చెయ్యి వేసి చూడండి. దొర మోకాలికి ఏమైందో వీడికీ అదే అయిందేమో."

"పెద్దమ్మగారూ, మీరైనా చెప్పండి మీ అమ్మాయికి."

"నా అమ్మాయి కాదు నాయనా, కోడలు. అమ్మాయైతే ఒక్కటి వేసి ఇంట్లో కూర్చోబెట్టేదాన్ని. కోడలు కాబట్టి నోరు మూసుకుని వెంట వచ్చాను."

"నోరు మూసుకునా అత్తయ్యా? ఆటో దిగేదాకా ఆపారా?"

"సరే, సరే. బాబుని పిల్లల డాక్టరుకి చూపించారా?"

"చూపించానండీ. ఎక్స్‌రే కూడా తీశారు. ఎముకలు శుభ్రంగా ఉన్నాయి, వాపు లేదు, నొప్పి లేదు. ఇంట్లో ఎవరినో చూసి కుంటడం నేర్చుకున్నాడు, ఆ చూడ్డం మానిపించండి, అదే పోతుంది అన్నారు."

"మరింకేం భయం?"

"ఇంట్లో కుంటేది ఎవరండీ? దొరే కదా!"

"ఓహో."

"మా ఆయన ఒకటే మాట అన్నారు. కుక్క కుంటినంతకాలం పిల్లాడూ కుంటుతాడు, సాయంత్రం ఇనుప సామాను గోడౌన్ ఆయన వస్తాడు, ఇచ్చెయ్ అని. గోడౌన్ కాపలాకండీ! దీన్ని!"

"దొంగ వస్తే ఏం చేస్తుంది, ఒళ్ళో కూర్చుంటుందా?"

"అదే కదండీ నా ఏడుపు! ఎవరైనా గట్టిగా తుమ్మితే మంచం కింద దూరుతుంది. అక్కడ గొలుసేసి కట్టేస్తారట. అందుకని సాయంత్రంలోగా దీని కాలు బాగుచేసెయ్యండి."

"సాయంత్రంలోగానా?"

"కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు. మా ఆయన స్నానం చేసి వచ్చేదాకా నేను గోడౌన్ ఆయన్ని మాటల్లో పెడతాను."

"పంపించేస్తే పీడా పోతుంది కదా అంటే వింటేగా డాక్టరుబాబూ! కన్నకొడుకు కంటే కుక్క ఎక్కువైపోయింది ఈ పిల్లకి."

"అత్తయ్యా, మీ పక్కలో పడుకునేది ఎవరు?"

"అదే వచ్చి పడుకుంటుంది. నేను పిలిచానా?"

"మరి 'దొరగారూ, దయచెయ్యండి' అని దుప్పటి ఎత్తి పట్టుకునేది ఎవరు?"

"చలికాలం కదా అని. దానికే ఏదో నేను…"

"సరేనండీ, ముందు దొరగారిని దయచెయ్యమనండి. పేరు భలే పెట్టారు."

"గడప దాటితే నేల మీద అడుగు పెట్టదండీ. ఎప్పుడూ ఎవరో ఒకరి చేతుల్లో ఉండాల్సిందే. అందుకని దొర."

"కనబడుతూనే ఉంది. నడుము ఎక్కడుందా అని వెతుకుతున్నాను."

"అంటే… లావంటారా?"

"లావని నేనెందుకంటాను? దిండుకి కాళ్ళు మొలిచినట్టుంది, అంతే. తిండి ఎవరు పెడతారు?"

"నేనేనండీ. టీకాలేసినప్పుడు మీ ఆసుపత్రివాళ్ళు చెప్పినంతే, కొలిచి పెడతాను. ఆపైన అత్తయ్య బిస్కెట్లు."

"నేనెక్కడ పెట్టాను! నేను తింటుంటే కింద పడతాయి. అది ఏరుకుంటుంది."

"రోజూ పడతాయా పెద్దమ్మగారూ?"

"వయసొచ్చింది, చేతులు వణుకుతాయి నాయనా."

"బిస్కెట్టుకే వణుకుతాయండీ. టీ కప్పుకి వణకవు."

"చూశావా డాక్టరుబాబూ, కప్పు వంకే చూస్తూ కూర్చుంటుంది కాబోలు ఈ పిల్ల."

"పెద్దమ్మగారూ, ఇలా వచ్చి కాస్త తల పట్టుకోండి. మిమ్మల్ని చూస్తే ఊరుకుంటుందేమో."

"నేనిక్కడే బాగున్నాను. నాకు మందుల వాసన పడదు."

"నేను పట్టుకుంటానండీ. నాన్నా, నువ్వు కాసేపు కింద కూర్చో. ఆఁ, అమ్మ ఇక్కడే ఉంది. ఇక్కడే ఉంది. చూడండి డాక్టరుగారూ."

"ఇక్కడ వేలు పెట్టండమ్మా. తెలుస్తోందా? గుండ్రంగా, బఠాణీ గింజంత. అదే మోకాలి చిప్ప. దాని కింద ఎముకలో ఒక గాడి ఉంటుంది. బల్ల సొరుగు ముందుకీ వెనక్కీ జరిగినట్టు, చిప్ప ఆ గాడిలో పైకీ కిందికీ జరుగుతూ ఉండాలి. ఇలాంటి చిన్న జాతుల్లో చాలావాటికి ఆ గాడి పుట్టుకతోనే లోతు తక్కువ. పరిగెడుతూ పరిగెడుతూ ఉంటే చిప్ప పక్కకి తప్పుకుంటుంది. కాలు మడిచేసుకుని మూడు కాళ్ళ మీద గెంతుతుంది, ఒకసారి కాలు విదిలిస్తుంది, చిప్ప మళ్ళీ గాడిలో పడుతుంది. ఇక ఏమీ ఎరగనట్టు…"

"పరిగెడుతుంది! అచ్చం అంతేనండీ. నేను గుండె పట్టుకుని వెళ్ళేసరికి తోకాడిస్తూ ఉంటుంది."

"ఇదుగో చూడండి. నెట్టాను, జారింది. వదిలేశాను, వచ్చేసింది."

"అమ్మో, మళ్ళీ నెట్టకండి! నా మోకాలు ఝల్లుమంది."

"నాదీనూ."

"మీరు అక్కణ్ణించి చూడనే లేదుగా అత్తయ్యా?"

"వింటే చాలదా? చెవులుండగా చూడ్డం కూడా ఎందుకు?"

"డాక్టరుగారూ, నిజం చెప్పండి. అంటుకుంటుందా ఇది? ఇద్దరూ ఒకే దుప్పటి మీద దొర్లుతారు."

"జలుబు కాదమ్మా అంటుకోడానికి."

"ఒకసారి వీడి పాలసీసా కూడా నాకేసింది. కడిగాను. మరిగించాను. మళ్ళీ కడిగాను. అయినా ఎందుకో మనసొప్పక పారేశాను."

"పాపం సీసా. దానికే అన్యాయం జరిగింది. ఇది అంటుకునేది కాదు, మీరు చేసిన తప్పూ కాదు. దాని పుట్టుక అంత."

"మరి ఆపరేషన్ చెయ్యాలా?"

"ఇప్పుడు అక్కర్లేదు. జారిన చిప్ప తిరిగి రాకుండా ఉండిపోయినా, కాలు అసలు మోపకపోయినా, నొప్పితో మూలిగినా అప్పుడు ఆలోచిద్దాం. ఇప్పటికైతే బరువు తగ్గాలి. అదే సగం వైద్యం. ఇంట్లో నున్నటి గచ్చా?"

"అద్దంలా ఉంటుందండీ. నేనే తుడుస్తాను."

"అద్దం మీద కాలు జారుతుంది. అది తిరిగే చోటల్లా చాపలో, రబ్బరు పట్టాలో వెయ్యండి. సోఫా మీంచి, మంచం మీంచి దూకనివ్వద్దు. ఎత్తు తక్కువ పీట ఒకటి పక్కన పెడితే దాని మీంచి దిగుతుంది. గోళ్ళు పెరగనివ్వద్దు. పాదాల కింద వెంట్రుకలు కత్తిరించండి, నేల మీద పట్టు దొరుకుతుంది. వెనక్కాళ్ళ మీద నిలబెట్టి ఆడించడం మానెయ్యండి. రోజూ మెల్లగా, తిన్నగా నడిపించండి. మీరు ఎత్తుకుని తిరగడం దాని నడక కిందికి రాదు."

"మరి మెట్లో, డాక్టరుబాబూ?"

"తగ్గించాలి పెద్దమ్మగారూ. దిగేటప్పుడు మరీ జాగ్రత్త."

"దిగేటప్పుడే కదూ! నేననుకున్నాను. ఎక్కడం ఏదోలా ఎక్కేస్తాం… ఎక్కేస్తుంది. దిగేటప్పుడే ప్రాణం పోతుంది."

"దొర మెట్లు దిగదుగా అత్తయ్యా, మనమే దింపుతాం."

"రేపెప్పుడైనా దిగొచ్చుగా. మరి వేడినీళ్ళ కాపడం పెట్టొచ్చా నాయనా?"

"కుక్కకా? వద్దండీ, కాలితే చెప్పలేదు పాపం."

"లేవగానే ఓ పది అడుగులదాకా బిగుసుకుపోయి, తర్వాత తర్వాత సర్దుకుంటుంది, అలాంటిది ఉంటుందా దీన్లో?"

"దీనికి అలా ఉందా అమ్మా?"

"లేదండీ. ఇది లేవగానే బిస్కెట్టు కోసం పరిగెడుతుంది."

"బరువులెత్తొచ్చా మరి?"

"కుక్క ఏం బరువులెత్తుతుంది పెద్దమ్మగారూ?"

"ఊరికే అడిగాను. అడిగితే తప్పా?"

"పంపించెయ్, పంపించెయ్ అన్న మనిషికి ఇన్ని సందేహాలేంటత్తయ్యా?"

"పంపేదాన్నైనా జాగ్రత్తలు చెప్పి పంపాలి కదే. గోడౌన్ వాళ్ళకి ఏం తెలుసు?"

"డాక్టరుగారూ, అయితే సాయంత్రానికి బాగవదన్నమాట."

"ఇది బాగుచేసి చేతులు దులుపుకునేది కాదమ్మా. దీనితో సర్దుకుంటూ బతకాలి. జాగ్రత్తగా చూసుకుంటే ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉంటుంది."

"ఉన్నన్నాళ్ళూ ఇంతేనా! అయితే అయిపోయింది. ఇక ఆయన వినరు."

"ఏడవకండమ్మా."

"ఏడవడం లేదండీ. గోడౌన్‌లో దీనికి చాపలెవరు పరుస్తారా అని… అంతే. పీటెవరు వేస్తారు అక్కడ?"

"ఒక పని చేద్దాం. ఇద్దర్నీ ఇక్కడే నడిపించి చూద్దాం. ముందు దొరగారిని దింపండి. ఆ మూలకి వెళ్ళి పిలవండి."

"దొరా! రా, రా, బిస్కెట్! అదిగో వస్తోంది. అదిగో ఎత్తేసింది చూడండి ఎడంకాలు!"

"గెంతింది… గెంతింది… విదిలించింది. అయిపోయింది. సరే. ఇప్పుడు బాబు."

"నాన్నా, లే. అమ్మ దగ్గరికి రా. రా కన్నా."

"చెయ్యి ఇవ్వకండి. వాణ్ణి రానివ్వండి."

"చూశారా, మొదలెట్టాడు! ఒక్కో అడుగుకీ నా ప్రాణం లేచిపోతోంది డాక్టరుగారూ."

"ఆ చెయ్యేంటమ్మా?"

"ఏ చెయ్యండీ?"

"కుడిచెయ్యి. మోకాలి మీద ఆనించుకున్నాడు. రెండోది గోడకి."

"ఎప్పుడూ అంతేనండీ."

"ఆగాడు. ఆగి ఏదో అన్నాడు."

"'ఉస్స్' అంటాడండీ. నాలుగడుగులకోసారి ఆగి ఉస్స్ అని మళ్ళీ నడుస్తాడు. మొదట్లో నవ్వుకునేవాళ్ళం."

"దొర అంటుందా ఉస్స్ అని?"

"దొరా? భౌ అంటుంది."

"గోడ పట్టుకుంటుందా?"

"లేదు."

"మోకాలి మీద చెయ్యి వేసుకుంటుందా?"

"దానికి చేతులెక్కడివండీ!"

"అదే నేనూ అంటున్నాను. అదిగో, కూర్చోడం చూడండి. ముందు చెయ్యి నేలకి ఆనించాడు, ఒక కాలు చాపుకున్నాడు, అప్పుడు మెల్లగా కూలబడ్డాడు. ఇన్నేళ్ళ నా వృత్తిలో ఇలా కూర్చున్న కుక్క ఒక్కటీ తగల్లేదు."

"అంటే దొర…?"

"దొరగారు నిర్దోషి. ఇంటికి తీసుకెళ్ళి చాపలు పరవండి."

"నిజంగానా! ఆయనకి ఇప్పుడే ఫోన్ చేస్తాను. దొరా, విన్నావా? అత్తయ్యా, విన్నారా? కానీ… ఆగండి. ఆయన ఊరుకోరు. దొర కాకపోతే ఎవర్ని చూసి నేర్చుకున్నాడు అంటారు. దానికి జవాబు లేకపోతే మళ్ళీ దొర మీదికే వస్తారు."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"ఆయనండీ. ఆయన నడిస్తే గిన్నెలు మోగుతాయి. నేనా, నడవడానికి తీరికెక్కడిది, పొద్దున్నే కుట్టు షాపుకి పరిగెత్తడమే. ఇక అత్తయ్య. అత్తయ్య నడక చూస్తే మీరు నమ్మరు, ఈ వయసులోనూ నిటారుగా నడుస్తారు. పక్కింటావిడ కుళ్ళుకుని చస్తుంది."

"ఇప్పుడు నా నడక సంగతెందుకే? ఇంటికి పోదాం పద. పిల్లాడికి నిద్రవేళ."

"మీరు షాపులో ఉన్నంతసేపూ బాబు ఎవరి దగ్గరుంటాడమ్మా?"

"అత్తయ్య దగ్గరేనండీ. వాళ్ళిద్దరే. ఇంకెవరూ…"

"పెద్దమ్మగారూ, ఒకసారి లేచి బాబుని అందుకుంటారా?"

"వాడికి కాళ్ళున్నాయి, వాడే వస్తాడు."

"మీరే రండి. నాలుగడుగులు."

"వాసన పడదని చెప్పానా?"

"అత్తయ్యా?"

"ఏంటే ఆ చూపు? నేను నీ ముందు ఎప్పుడైనా కుంటానా? నీ మొగుడి ముందు కుంటానా? పోనీ ఆ పక్కింటిదాని ముందు?"

"లేదత్తయ్యా. మా ముందు ఎప్పుడూ లేదు."

"మరి!"

"మా వెనక?"

"మోకాలు పోయిందని తెలిస్తే పిల్లాణ్ణి నా చేతికిస్తారా మీరు? ఎత్తుకుని పడేస్తానని, పొద్దున్నే తీసుకెళ్ళి డబ్బులు తీసుకుని పిల్లల్ని చూసే ఏ చోటో వదిలిపెడతారు. రోజంతా ఆ ఇంట్లో నేను గోడల్ని ఎత్తుకోవాలా?"

"అందుకని పాపం దొర మీద పెట్టేశారా?"

"నేనెక్కడ పెట్టాను! మీ మొగుడూ పెళ్ళాలే పెట్టారు. నేను అవునన్నాను, అంతే."

"అత్తయ్యా, కనీసం నాకొక్కదానికైనా…"

"ఎవరికీ తెలియనివ్వలేదే! పళ్ళు బిగబట్టి మీ అందరి ముందూ సైనికుడిలా నడిచాను. మాటలింకా రాలేదు కదా, వీడెవరికి చెబుతాడులే అని వీడొక్కడి ముందే కుంటాను."