చాలు అనలేని మనిషి

కిరందుల్ రైల్వే క్వార్టర్ల వెనక వీధి. మెదడు శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న నీలకంఠం, చిన్నప్పటి పక్కింటి గురమ్మ వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా అన్నం పళ్ళెం. ఇంకా ముట్టలేదు.

"ఎలకలకి లడ్డూలు పెట్టి జీతం తీసుకుంటన్నావా బాబూ? ఇరవయ్యేళ్ళా?"

"ఇరవై రెండు. లడ్డూలు కాదు గురమ్మత్తా, పంచదార నీళ్ళు. మీట నొక్కితే చుక్క పడుతుంది. కొన్ని ఎలకలు కడుపు నిండినా నొక్కుతూనే ఉంటాయి. తాగుబోతుకీ వాటికీ మెదడులో ఒకటే జబ్బు."

"ఆ మాట మా తోటమాలి ఇర్మా ముందు అనకు. జీలుగు కల్లు మానరా అంటే ఒంట్లో వేడంటాడు. రేపట్నుంచి మెదడంటాడు. తిను, సల్లారిపోతంది."

"వద్దత్తా. నాకు కొలత ఉంది. పూటకి రెండు పుల్కాలు."

"వెదురుకొమ్ముల కూర. మా పనిమనిషి సోమ్లీ సంతలో కొని తెచ్చింది."

"వాసనకే తెలిసింది. చిన్నప్పుడు బడి వదలగానే వచ్చి మీ గిన్నెల మూతలెత్తి చూసేవాణ్ణిగా."

"సూసి పారిపోయీవోడివి. ఒక్క ముద్ద తినీవోడివి కాదు."

"ఇప్పుడు తినాలంటే భయం. నాన్న జబ్బు నాకూ ఉందేమోనని. అది అడుగుదామనే వచ్చాను. నా పుస్తకం అచ్చుకి వెళ్తోంది. మొదటి అధ్యాయం నాన్నే."

"బంగారురాజు గారా? గూడ్సు బండి గార్డు మీద పుస్తకమేటి?"

"ఆయన తిండి మీద. కంచం ముందు కూర్చుంటే చెమటలు పట్టేవి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఒక్కసారి కూడా 'చాలు' అనలేదు. అమ్మ వడ్డించేది, ఆయన మింగేవాడు. చాలన్న కబురు ఆయన మెదడుకి చేరేది కాదు. నా సిద్ధాంతమంతా అదే."

"మజ్జిగ పొయ్యనా?"

"నిజం చెప్పత్తా. బయట కూడా తినేవాడా?"

"రైలోళ్ళు ఎక్కడో ఒక్కకాడ తింటారు."

"ఎక్కడ?"

"ఎక్కడో అంటన్నాను కదా. కారం సరిపోయిందో లేదో సూడు."

"ఇంకో వింత ఉంది. కొత్తవలస బదిలీ అయ్యాక మూడు నెలల్లో మామూలు మనిషయ్యాడు. మందూ లేదు, మాకూ లేదు. ఆ వింత మీదే నాకు డాక్టరేట్ వచ్చింది."

"దానికా! ఓలమ్మో."

"ఎందుకు నవ్వుతున్నావు?"

"నవ్వలేదు, పొలమారింది. ఇంకేటి రాసినావు?"

"ఇనప రాయి వ్యాగన్లకెత్తే లోడింగ్ సైడింగ్ నుంచి మగాళ్ళంతా చెవుల దాకా ఎర్ర దుమ్ముతో ఇళ్ళకి వచ్చేవారు. నాన్న మాత్రం స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చేవాడు. తిండికి ముందు ఒక తంతు. వ్యసనమున్న వాళ్ళకి ఇలాంటివి ఉంటాయి."

"తానం ఎక్కడ సేసీవోడని రాసినావు?"

"సైడింగ్ దగ్గర... కుళాయి కింద..."

"సైడింగ్ కాడ కుళాయెక్కడిదిరా? తాగడానికే టాంకరొచ్చీది."

"మరి?"

"మజ్జిగ..."

"మజ్జిగ వద్దు! ఎక్కడ?"

"నా పెరట్లో. నీళ్ళు కాసి పెట్టీదాన్ని. తానం సేసి, అన్నం తిని, కాసేపు కూకుని ఇంటికెళ్ళీవోడు. మా ఆయన పోయినాక, ఒక్కదాన్నీ వండుకుంటే ముద్ద దిగీది కాదు బాబూ."

"ఇక్కడ తిని... వచ్చి... మళ్ళీ మా ఇంట్లో?"

"తినీసినానంటే, ఎక్కడ తిన్నావని మీ అమ్మ అడగదేటి?"

"ఇరవై రెండేళ్ళు! నాలుగు వేల ఎలకలు!"

"పాపం, ఎలకలు."

"నేను ఇంతవరకూ కడుపు నిండా తినలేదత్తా, తెలుసా? పెళ్ళి కూడా వద్దనుకున్నాను, పిల్లలకి వస్తుందని. అమ్మ ఎంత పిచ్చిది! ఏమీ తెలియక వండి వండి పోసింది. ఈ వెదురుకొమ్ముల వాసనే పడదు ఆమెకి. ముక్కుకి కొంగు కట్టుకుని మరీ వండేది."

"తెలీకేటి? ఊరు ఊరంతా ఎర్రగా వొస్తంటే, తన మొగుడొక్కడే సబ్బు వాసనతో వొస్తాడా?"

"తెలిసీ అంతంత ఎందుకు పెట్టింది?"

"తెలుసు కాబట్టే పెట్టీది. ఇక్కడేటి తిన్నాడో సరిగ్గా అదే కూర, దానికి రెండింతలు. తప్పు సేసినోడు వొద్దంటాడేటి?"

"అదే కూరా? నువ్వేం వండావో ఆమెకెలా తెలుస్తుంది?"

"రోజూ బడి వదలగానే నా గిన్నెల మూతలెత్తి సూసి, పరుగెత్తుకెళ్ళి ఎవరికి సెప్పీవోడివి బాబూ?"